బొట్టు పెట్టిన ఏప్రాన్

దగ్గరికి రండి... ఆ వెనక కూర్చున్నవాళ్ళు కూడా. చిన్నపిల్లల్ని ఒళ్ళో పెట్టుకోండి. మా రాజపాళయంలో తెన్కాశి రోడ్డు పట్టుకుని పోతే ఒక పాత ఆస్పత్రి ఉంది. పేరు చెప్పను. జబ్బుమనుషులు పోయే చోటు, భయపెట్టి పాపం మూట కట్టుకోవడం నాకెందుకు? ఆ ఆస్పత్రి కింది అంతస్తులో, వరండా మలుపు తిరిగినాక, చిట్టచివర ఒక గది. తొమ్మిదో నంబరు.

ఆ తొమ్మిదో గదికి మంచి పేరు లేదు.

పగలు ఏమీ లేదు. రాత్రి పదకొండు దాటితే మాత్రం వాచ్‌మన్ తెల్లకుక్క కూడా ఆ మలుపు దాటదు. అక్కడిదాకా తోక ఊపుకుంటూ వస్తుంది... మలుపు దగ్గర నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడిపోతుంది. మా ఊరి కుక్క సంగతి మీకు తెలుసు కదా, అడవిపందికి ఎదురుపోయే జాతి. అది గోడకు ఆనుకుని మూలుగుతుంది.

ఆ గదిలో ఉన్నది ఫ్లోరోస్కోపీ మిషను. మామూలు ఎక్స్‌రే ఫోటో అయితే, ఇది సినిమా. రోగి తెల్లటి మందు మింగుతాడు. కింద పెడల్ తొక్కితే ఆ మందు గొంతులోంచి కడుపులోకి జారడం తెర మీద కదులుతూ కనిపిస్తుంది. పెడల్ తొక్కినంతసేపూ లోపల కిరణాలు. కిరణాలు ఉన్నంతసేపూ తలుపు పైన ఎర్రలైటు. లోపల మనిషి లేకుండా ఆ లైటు వెలగడానికి లేదు.

వెలిగేది.

తాళం వేసిన గది. లోపల చీకటి. తలుపు పైన ఎర్రగా... కన్ను తెరిచినట్టు.

రెండేళ్ళలో ఆరుగురు టెక్నీషియన్లు పని మానేసినారు. ఒకమ్మాయి దుబాయ్ పోయింది. ఒకమ్మాయి మదురైలో స్కాన్ సెంటర్‌లో చేరింది. ఒకమ్మాయి ఈ చదువే వద్దని చీరల కొట్లో కూర్చుంది. లైటు చూసి పారిపోయినవాళ్ళే అందరూ. తలుపు తీసి చూసినవాళ్ళు లేరు.

ఎందుకంటే ఆ గదిలో ఇరులప్పన్ పోయినాడు. ముప్పై ఏళ్ళు అక్కడే టెక్నీషియన్. మూడేళ్ళ కిందట ఒక రాత్రి, ఏప్రాన్ విప్పకుండానే, స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం విడిచినాడు. "ఆయన ఇంకా డ్యూటీ దిగలేదు" అంటారు ఆస్పత్రిలో. గట్టిగా కాదు... గొంతు తగ్గించి.

నాకు ఇదంతా చెప్పింది అక్కడ రాత్రి ఆయాగా చేసే ఇసక్కియమ్మాళ్. చేతిలో విభూది పట్టుకుని చెప్పింది. విన్నది విన్నట్టు చెప్తాను. ఎక్కువ కలిపితే ఆ మారియమ్మ తల్లి నన్నే అడుగుతుంది.

ఏడో మనిషిగా వచ్చింది ముత్తుమారి.

సత్రపట్టి పిల్ల. తల్లి మగ్గం మీద బ్యాండేజీ గుడ్డ నేసేది. "ఇన్నేళ్ళు ఆస్పత్రికి నా గుడ్డ పోయింది. ఇంక నా బిడ్డ పోవాల" అని మదురైకి పంపించి రేడియాలజీ డిప్లొమా చదివించింది. కాలేజీలో చేరిన రోజున పెద్ద తెర మీద చూపించినారంట. సి.టి. ఉంది, ఎం.ఆర్.ఐ. ఉంది, గుండె రక్తనాళాలు తెరిచే క్యాథ్ ల్యాబ్ ఉంది, ఫారిన్ ఉంది, ఇది చదివినవాళ్ళకు ఉద్యోగాలకు కొదవే లేదు అని. చదువు ముగిసి పోయిన ప్రతి చోటా మాత్రం ఒకటే ప్రశ్న: "ఫ్లోరోస్కోపీలో పనిచేసినావామ్మా?" లేదంటే, "చేసినాక రా."

ఆ మిషను ఉన్న చోట ఉద్యోగం ఖాళీ లేదు. ఉద్యోగం ఉన్న చోట ఆ మిషను మీద అనుభవం కావాలి. నాలుగేళ్ళు ఒక చిన్న ల్యాబ్‌లో విరిగిన చేతులకూ బెణికిన కాళ్ళకూ ఎక్స్‌రే తీస్తూ కూర్చుంది.

అప్పుడు తొమ్మిదో గది ఖాళీ అయింది.

"ఆరు నెలలు ప్రొబేషన్" అన్నారు చీఫ్ టెక్నీషియన్ రాఘవన్ సార్. "నవంబరు ఒకటి నుంచి ఏప్రిల్ ముప్పై. ఈ గది డ్యూటీ ఒక్క రోజు తప్పకూడదు. ముగిస్తే పర్మనెంట్. ఎక్కువగా రాత్రులే. భయముందా?"

"భయమా సార్? నాలుగేళ్ళు కాళ్ళూ చేతులూ ఫోటో తీసినాను. దయ్యమైనా నిలబడి ఒక ఛెస్ట్ ఎక్స్‌రే ఇస్తే సంతోషమే."

రాఘవన్ సార్ నవ్వలేదు.

మొదటి రాత్రి గది చూపించింది ఇసక్కియమ్మాళ్. గోడకు మూడు కొక్కేలు, మూడు సీసం ఏప్రాన్లు. లోపల సీసం పొర, కిరణాలు మనిషికి తగలకుండా అడ్డు. మడత పెడితే ఆ పొర బీటలు వారుతుంది. అందుకే ఎప్పుడూ వేలాడదీసే ఉంచాలి. మూడింటి మీదా కుంకుమ బొట్లు.

"ఇదేంటి ఆయమ్మా, ఏప్రాన్‌కు బొట్టు?"

"ఆయుధపూజ బొట్టు. ఇరులప్పన్ అయ్య పెడుతుండె. ఆయన పోయినాక నేనే పెడుతుండాను. బొట్టు ఉంటే మంచి ఏప్రాన్ అని అర్థం. ఇక్కడి పద్ధతి అది."

"సరి. మూడోది కొత్తగా ఉండాదే?"

"దాన్ని తాకబాకమ్మా... అది ఆయనది."

ఒకటో కొక్కేనిది ఆమె కొలతకు సరిపోయింది. అదే వేసుకునేది. ఆరుగురూ అదే వేసుకున్నారు.

ఆ గదికి ఇరులప్పన్ విడిచిపోయిన పద్ధతి ఇంకొకటి ఉంది. కిరణాలు వేసే ముందు ఏ ఆడమనిషినైనా అడగాలి, కడుపుతో ఉందా అని. ఊరికే కాదు, ఆయన మాటతోనే: "నెల తప్పిందా తల్లీ?" గట్టిగా అడిగితే ఆడవాళ్ళు సిగ్గుపడి లేదనేస్తారని, చెవి దగ్గరికి వంగి మెల్లగా అడుగుతుండెనంట. ముత్తుమారికి ఆ మాట నచ్చింది. రోజుకు పదిమందిని అట్లనే అడిగేది.

ఆ మిషనుకూ ఒక మొండితనం ఉండేది. రోగి పేరు కొట్టనిదే కిరణం రాదు. అప్పుడే పుట్టిన బిడ్డను తెస్తే, ఇంకా పేరే పెట్టని బిడ్డకు ఏం పేరు కొట్టేది? తల్లి పేరే. 'బేబీ ఆఫ్ ధనం', 'బేబీ ఆఫ్ అముదా' అని. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

నాలుగు నెలలు గడిచినాయి. ఎర్రలైటు అప్పుడప్పుడూ వెలిగేది. కరెంటు మనిషి వచ్చి, "ఎర్త్ ఫాల్ట్ అమ్మా" అని పోయినాడు. ముత్తుమారి మారియమ్మను తలుచుకుని, తలుపు వైపు వీపు పెట్టి, క్యాథ్ ల్యాబ్ పుస్తకం చదువుకునేది.

మార్చి మూడో తేదీ రాత్రి మాత్రం లైటు ఆరలేదు.

ఒంటిగంట దాటింది. ఒక నిమిషం... రెండు నిమిషాలు... మలుపు దగ్గర కుక్క మూలుగుతోంది. ముత్తుమారి తాళం తీసింది. తాళంచెవి రెండుసార్లు జారింది. "అయ్యా, నా పని నన్ను చేసుకోనీ" అనుకుంటూ తలుపు తోసింది.

లైటు ఆరిపోయింది.

లోపల ఎవరూ లేరు. చల్లగా ఉంది. బల్ల మీద... ఒకటో ఏప్రాన్. మనిషిని పడుకోబెట్టినట్టు, వెల్లకిలా పరిచి ఉంది. సాయంత్రం తన చేతులతో కొక్కేనికి తగిలించిన ఏప్రాన్ అది. తెర మీద ఒక బొమ్మ నిలిచిపోయి ఉంది. అంతా నలుపు. ఆ నలుపులో, నడుమ, వెంట్రుక పడినట్టు ఒక తెల్లటి గీత.

ఆమె ఏప్రాన్ తీసి కొక్కేనికి తగిలించింది. తలుపు వేసింది. తెల్లవారేదాకా ఆంజనేయుడి పేరు ఎన్నిసార్లు చెప్పుకుందో ఆయనకే తెలుసు.

"నువ్వే మరిచిపోయి బల్ల మీద పెట్టి ఉంటావు" అన్నారు రాఘవన్ సార్ మరుసటి రోజు. "మానేస్తావా? ఇప్పుడే చెప్పు. ఎనిమిదో మనిషిని చూసుకుంటాను."

"లేదు సార్. వస్తాను."

మార్చి పన్నెండున ముత్తుమారికి తెలిసింది, కడుపుతో ఉన్నానని.

బాత్‌రూమ్‌లో టెస్టు పట్టీ మీద రెండు గీతలు చూసి నవ్వింది, ఏడ్చింది. పోయిన ఏడు ఇట్లనే రెండు గీతలు వచ్చి, మూడో నెలలో పోయింది. సేత్తూరు మినీబస్సు నడిపే మొగుడు మహేశ్వరన్ పది రోజులు అన్నం ముట్టలేదు. అందుకే ఈసారి ఆయనకూ చెప్పలేదు. నిలిచినాక చెబుదామనుకుంది. తల్లికి చెప్పలేదు. ఆస్పత్రిలో అసలే చెప్పలేదు. చెబితే ఆ రోజే తొమ్మిదో గదిలోంచి తీసేస్తారు, రూలు అది. గది డ్యూటీ తప్పితే ప్రొబేషన్ పోతుంది. మళ్ళీ కాళ్ళూ చేతులూ, మళ్ళీ "చేసినాక రా".

ఇంకా నలభై తొమ్మిది రోజులు. అంతే కదా. 'ఏప్రాన్ ఉంది. ఏప్రాన్‌కు బొట్టు ఉంది' అనుకుంది. రోజూ వేసుకునే ముందు ఆ బొట్టును కళ్ళకు అద్దుకునేది.

రోజుకు పదిమందిని అడిగే మాట... ఆమెను అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

మార్చి ఆఖరులో మళ్ళీ వెలిగింది.

ఈసారి ఏప్రాన్ సరిగ్గా కిరణాల గొట్టం కింద ఉంది, పొట్ట భాగం పైకి పెట్టి. స్టూలు బల్ల దగ్గరికి జరిగి ఉంది. ముత్తుమారి స్టూలును పక్కకు లాగింది. చేయి వెనక్కి తీసుకుంది.

స్టూలు వెచ్చగా ఉంది... ఇప్పుడే ఎవరో లేచిపోయినట్టు.

"పోమ్మా, ఇల్లు చేరు" అంది ఇసక్కియమ్మాళ్, నుదుట విభూది అద్దుతూ. "బతికుంటే చీరలకొట్టైనా దొరుకుతుంది."

"ఇంకొక్క నెల ఆయమ్మా. నాకు చీర మడత పెట్టడం కూడా సరిగ్గా రాదు."

నవ్వింది కానీ, పెదవులు తెల్లగా ఉన్నాయంట.

ఏప్రిల్ పదో తేదీ. ఇంకా ఇరవై రోజులు.

రాత్రి ఒకటిన్నరకు మంసాపురం నుంచి ఒక బిడ్డను ఎత్తుకొచ్చినారు. రెండేళ్ళు. రిమోట్‌లోని గుండ్రటి బ్యాటరీ మింగినాడు. లాలాజలం కారుతోంది, ఏడవలేకపోతున్నాడు. మామూలు ఎక్స్‌రే మిషను ఆ వారం రిపేరులో ఉంది. డ్యూటీ డాక్టరు దర్శిని, చిన్న వయసు, పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా, తొమ్మిది తెరువు! గొంతులో ఇరుక్కుంటే లోపల కాల్చేస్తుంది. గంటలో చూడాల!"

ముత్తుమారి ముందు పరుగెత్తింది. మలుపు తిరిగింది.

ఎర్రలైటు వెలుగుతోంది.

గదికి పక్కనే చిన్న క్యాబిన్. అందులోంచి సీసపు అద్దం గుండా లోపలికి చూడవచ్చు. మిషను అక్కడి మీటలతోనూ నడపవచ్చు, కానీ రోగిని పట్టుకునేందుకు లోపల ఒకరు ఉండాల. ఆమె అద్దం దగ్గరికి పోయింది... చూసింది.

బల్ల మీద ఒకటో ఏప్రాన్. గదిలో ఎవరూ లేరు. కింద పెడల్... నేలకు అణిగి ఉంది. ఎవరో కాలు పెట్టి తొక్కుతున్నట్టు.

తెర మీద బొమ్మ కదులుతోంది. ఏప్రాన్ మెల్లగా వంగుతోంది. రెండు కొసలూ రెండు చేతులు పట్టుకుని వంచుతున్నట్టు. అది వంగినప్పుడల్లా ఆ తెల్ల గీత తెరుచుకుంటోంది. మూసుకుంటోంది. తెరుచుకుంటోంది... నోరు తెరిచినట్టు. గీత ఉన్నది పొట్ట దగ్గర. సరిగ్గా ఆమె పొట్ట ఉండే చోట.

కిరణాలు అయిదు నిమిషాలు ఆగకుండా పోతే మోగే బజర్ మోగడం మొదలైంది.

ఆ మోతలో, లోపలి మాట బయటికి వినిపించే చిన్న స్పీకరులోంచి ఒక గొంతు. ముసలి గొంతు. చెవి దగ్గరికి వంగి అడిగినట్టు—

"నెల తప్పిందా... తల్లీ?"

బజర్ ఆగింది. పెడల్ పైకి లేచింది. లైటు ఆరింది.

వెనక నుంచి దర్శిని వచ్చింది, చేతిలో బిడ్డ. "ఏం నిలబడినావక్కా? ఏప్రాన్ వేసుకో, త్వరగా!"

ముత్తుమారికి తల్లి మగ్గం గుర్తొచ్చింది. ఇరవై రోజులు గుర్తొచ్చినాయి. పోయిన ఏటి మూడో నెల గుర్తొచ్చింది.

"తప్పింది" అంది.

"ఏంటి?"

"నాకు నెల తప్పింది డాక్టరమ్మా. నేను లోపలికి రాను."

దర్శిని నోరు తెరిచి చూసింది. ముత్తుమారి మిషను మీటల దగ్గరికి జరిగింది.

"మిషను నేను ఈ అద్దం వెనకనుంచి నడుపుతాను. బిడ్డ దగ్గర మీరు ఉండండి. ఒకటో ఏప్రాన్ వేసుకోవద్దు. మూడోది వేసుకోండి."

"అయ్యయ్యో, అది ఆయనదమ్మా!" అంది తలుపు దగ్గర ఇసక్కియమ్మాళ్.

"తెలుసు ఆయమ్మా. ఆయన ఏమీ అనరు."

బ్యాటరీ గొంతు కిందే ఇరుక్కుని ఉంది. తెర మీద కనిపించిన మరుక్షణమే గొట్టం దించే డాక్టరును నిద్రలేపినారు. తెల్లవారుజామున మూడు కొట్టకముందే బయటికి తీసినారు. తెల్లవారేసరికి ఆ బిడ్డ గట్టిగా ఏడ్చినాడు. ఆ ఏడుపు విని తల్లి నేల మీద కూర్చుని దేవుళ్ళందరికీ దండం పెట్టింది.

ముత్తుమారి వరండాలో కూర్చుంది, ఐడీ కార్డు మెడలోంచి తీసి చేతిలో పట్టుకుని.

ఏడున్నరకు రాఘవన్ సార్ వచ్చినారు. విషయం దర్శిని అప్పటికే చెప్పింది.

"ఎన్ని రోజులైంది తెలిసి?"

"మార్చి పన్నెండు సార్."

"నెల రోజులు! దాచిపెట్టి ఈ గదిలో నిలబడినావా? నీకు ఇంత చదువు ఎందుకు చెప్పినారు?"

"ఉద్యోగం పోతుందని సార్." కార్డు ఆయన ముందు పెట్టింది. "తీసుకోండి. కానీ ఒక్క పని చేయండి. ఆ ఒకటో ఏప్రాన్‌ను మిషను కింద పెట్టి చూడండి."

ఆయన విసుక్కుంటూనే లోపలికి పోయినారు. ఏప్రాన్ పరిచి, మూడోది తాను వేసుకుని, పెడల్ తొక్కినారు. ఆమె అద్దం బయట నిలబడింది.

ఆ తెల్ల గీత... జానెడు బీట, కిరణాలు నేరుగా దూరే దారి. పొట్ట దగ్గర. పైన గుడ్డ చెక్కుచెదరలేదు. దాని మీద ఎర్రటి బొట్టు.

రాఘవన్ సార్ స్టూలు మీద కూలబడినారు. ఇసక్కియమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్... ఇరులప్పన్ అయ్య ఆయుధపూజ రోజు ముందు ఒక్కొక్క ఏప్రాన్‌నీ ఈ బల్ల మీదే పరుస్తుండె. తెర వైపు చాలాసేపు చూస్తుండె. ఆ తర్వాతే బొట్టు. నేను బొట్టు పెట్టేదే పూజ అనుకున్నాను సామీ... ముందు ఆయన చేసేది ఏందో నాకు తెలియలేదే..."

"నువ్వు ఏడవవద్దు" అన్నారు రాఘవన్ సార్. "ఏటేటా పరీక్ష చేసినామని రిజిస్టరులో సంతకం పెట్టింది నేను. బొట్టు చూసి పెట్టినాను."

ఆయన స్టూలు మీంచి లేచి బయటికి వచ్చినారు. తర్వాత ఆయన కార్డు తీసి ముత్తుమారి చేతికే ఇచ్చినారు.

"ఈ రోజు నుంచి సి.టి. కన్సోల్‌లో కూర్చో. కిరణాలు అక్కడికి రావు. ఏప్రిల్ ముప్పైకి నీ పర్మనెంట్ లెటరుకు నేను రాస్తాను. గది డ్యూటీ తప్పిందే అని మేనేజ్‌మెంట్ అడిగితే, ఈ బీట బొమ్మ చూపించి జవాబు నేను చెప్పుకుంటాను."

ఆమె దండం పెట్టింది. ఆయనకో, ఆయన వేసుకున్న ఏప్రాన్‌కో... ఇసక్కియమ్మాళ్‌కు తెలియలేదంట.

అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది.

కానీ రాఘవన్ సార్ లెక్కగా పనిచేసే మనిషి. "రాత్రి ఈ ఏప్రాన్‌ను బల్ల మీద పెట్టిందెవరు? పేరు కొట్టనిదే కిరణం రాదు కదా. ఎవరో కొట్టి ఉండాల" అంటూ మిషనులోని జాబితా తెరిచినారు. రాత్రి ఒంటిగంట తర్వాత నమోదైనవి మాత్రం ఏరినారు.

ఒకటి కాదు. మూడేళ్ళవి. పదుల కొద్దీ.

టెక్నీషియన్ పేరు దగ్గర ప్రతిసారీ ఇరులప్పన్. "అది సరే" అన్నారాయన. "ఆయన లాగిన్ మార్చనే లేదు. మనమందరం దానితోనే తెరుస్తాము." రోగి పేరు దగ్గర... ఏప్రాన్ ఒకటి. ఏప్రాన్ ఒకటి. ఏప్రాన్ ఒకటి. నెలకు రెండు, మూడు. ఎవరూ చూడని బొమ్మలు. అన్నింట్లోనూ అదే గీత, ఏడాదికేడాదికి పెరుగుతూ.

కిందికి జరుపుతూ పోయినారు. ఒక చోట వేలు ఆగింది.

చివరి మూడింటికి పేరు మారింది.

బేబీ ఆఫ్ ముత్తుమారి.

బేబీ ఆఫ్ ముత్తుమారి.

బేబీ ఆఫ్ ముత్తుమారి.

"ఎవరికి చెప్పినావు?" అన్నారు రాఘవన్ సార్. "ఈ ఆస్పత్రిలో ఎవరికైనా చెప్పినావా... కడుపుతో ఉన్నానని?"

ముత్తుమారి ఆ మూడింటిలో మొదటిదాని పక్కన ఉన్న తేదీనే చూస్తోంది. మార్చి మూడు. రాత్రి ఒంటిగంటా పది.

చేయి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది.

"సార్..." అంది మెల్లగా. "ఆ రోజుకు... నాకే తెలియదు."